నర్సమ్మత్త ఎదురు

పోయిన నెల మా ఇంట్లో కాంటా మళ్ళీ అటక దిగింది. నర్సమ్మత్త మనవరాలు శిరీషకు పుణెలో ఉద్యోగం వచ్చింది, విమానంలో పోతుంది, సూట్‌కేసు తూచాలి. నర్సమ్మత్త మా బాపుకు సొంత అక్క, కొత్తూరు దాటాక లోపలికి ఉన్న ఒక ఊళ్ళో ఉంటుంది. బాపు స్టూలు ఎక్కి, గోనెగుడ్డలో చుట్టిన కాంటాను చంటిపిల్లను దించినట్టు రెండు చేతులతో దించాడు. గుడ్డ విప్పగానే ఇనుమూ పాత నూనే కలిసిన వాసన వంటింటి దాకా వచ్చింది. గుమ్మం పైన ఉన్న కడ్డీకి కాంటాను తగిలించి, కింది కొక్కేనికి సూట్‌కేసు వేలాడదీశాడు. ముల్లు ఊగి ఊగి నిలబడే వరకు ఎవరూ మాట్లాడకూడదు. అది బాపు అంగూర్ల తోటలో ద్రాక్షగుత్తులు తూచిన నాటి నియమం. తూకం వేసేటప్పుడు దళారులు కావాలనే మాటల్లో పెడతారట, చూపు ముల్లు మీది నుంచి తప్పాలని. తోట పోయి ఇన్నేళ్ళయినా, దళారులు ఎవరూ లేకున్నా, మా ఇంట్లో కాంటా వేలాడితే అందరూ నోరు మూసుకుంటారు. నేను చేతిలో టీ గ్లాసుతో నిలబడి ఆ ముల్లును చూస్తున్నాను. నా సూట్‌కేసు కూడా ఒకసారి అక్కడే అలాగే వేలాడింది.

మా ఇల్లు ఎయిర్‌పోర్టు గోడకు దగ్గర. మేడ మీదికి పోతే గోడ అవతల విమానాల తోకలు కనబడతాయి. కానీ గేటు మాత్రం మా వైపు లేదు, చుట్టూ తిరిగి హైవే ఎక్కి పోవాలి. ఈ సంగతి మాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. చుట్టాలందరికీ మా ఇల్లంటే ఎయిర్‌పోర్టు వరండా. దుబాయికి పోయేవాళ్ళు, మస్కట్‌కు పోయేవాళ్ళు, వాళ్ళను సాగనంపడానికి ఊరి నుంచి ట్రాలీ ఆటోల్లో వచ్చేవాళ్ళు, అందరూ ముందురోజే మా ఇంట్లో దిగేవాళ్ళు. అత్త వాళ్ళ ఊరివాళ్ళు, ఆ ఊరివాళ్ళ చుట్టాలు, ఆ చుట్టాలకు తెలిసినవాళ్ళు. అమ్మ పెద్ద గిన్నెలో టీ పెట్టి మూత పెట్టి ఉంచేది, పొద్దంతా అది మరుగుతూనే ఉండేది. అందుకే మా ఇంట్లో గోడలకు కూడా అల్లం వాసన వస్తుందని నేను అనుకునేదాన్ని. స్నానాలకు వరస, చాపలకు వరస, ఫోను చార్జింగ్‌కు వరస. పోయే మనిషి ఏదో ఒక మూల కూర్చుని పాస్‌పోర్టును పదే పదే తీసి చూసుకునేవాడు. అతని భార్య వంటింట్లో అమ్మకు ఉల్లిగడ్డలు కోసిస్తూ, ఉల్లిగడ్డల పేరు చెప్పి ఏడ్చేది.

ఆ రోజుల్లో నేను డిగ్రీ చదువుతున్నాను. పొద్దున శంషాబాద్‌లో బస్సెక్కి, ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఇంకో బస్సు మారి, సిటీలో కాలేజీకి పోయేదాన్ని. బస్సు కాటేదాన్ మలుపు దగ్గర ఆగితే బిస్కెట్లు కాలే వాసన ఒకవైపు నుంచి, రబ్బరు కాలే వాసన ఇంకోవైపు నుంచి వచ్చేవి. అక్కడే ఒక ప్లాస్టిక్ పైపుల కంపెనీలో బాపు సూపర్‌వైజరు. ఎయిర్‌పోర్టు కింద పొలం పోయాక అక్కడ చేరాడు. మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి మిగతా అమ్మాయిలు సినిమాలకు పోతే నేను లైబ్రరీలో పేపర్లు చదివేదాన్ని. ఉద్యోగాల నోటిఫికేషన్లు వేస్తామనడం, వేయకపోవడం, వేసి రద్దు చేయడం, మళ్ళీ పరీక్ష పెడతామనడం చదివి చదివి నాకు లోపల కోపం ఉడికేది. ప్లాట్ల ప్రకటనలు పేజీలకు పేజీలు ఉండేవి, ‘ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో’ అని. ఆ కూతవేటులో ఉన్న మా వీధికి నల్లా నీళ్ళు వారానికి రెండుసార్లు వచ్చేవి. ఇవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. క్లాసులో లెక్చరరు “ఎవరికైనా అభిప్రాయం ఉందా?” అని అడిగితే మాత్రం పెన్ను మూత పెట్టి తీస్తూ తల దించుకునేదాన్ని. నాకు అభిప్రాయాలు లేక కాదు. గొంతు దాకా వచ్చి, అక్కడ ఎవరికో దారి ఇచ్చి పక్కకు నిలబడేవి.

ఇంట్లో చదువుకునే చోటు మేడ. విమానం లేచేటప్పుడు వాక్యం మధ్యలో ఆపి, శబ్దం పోయాక మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నేను చరిత్ర చదివినదంతా అలా ఆగి ఆగి చదివిందే. కింద ఎవరో ఒకరు సాగనంపుడికి వచ్చే ఉంటారు కాబట్టి, పేజీ తిప్పేలోగా “రజితా, గ్లాసులు తే” అని అమ్మ పిలుపు. పరీక్షల ముందు రోజు కూడా గ్లాసులే. ఎన్ని కుటుంబాలను మేము ఎయిర్‌పోర్టుకు పంపామో నాకు లెక్క లేదు గానీ, వాళ్ళెవరూ తిరిగి వచ్చేటప్పుడు మా ఇంట్లో ఆగలేదన్నది మాత్రం బాగా గుర్తు. వచ్చేటప్పుడు తొందర. నేరుగా ఊరికి పోతారు.

ఈ సాగనంపుళ్ళన్నిటికీ పెద్ద నర్సమ్మత్త. మా వైపు మనిషి దూరం పోతుంటే ఇంటి ఆడిబిడ్డ ఎదురు రావాలి, బొట్టు పెట్టాలి, అప్పుడు అడుగు ముందుకు పడాలి. మామూలుగా ఇది ఇంటి గడప దగ్గర జరిగే పని. నర్సమ్మత్త దాన్ని ఎయిర్‌పోర్టు దాకా తీసుకుపోయింది. ఆమె లెక్క ప్రకారం మనిషి ఇంటి నుంచి పోయినప్పుడు పోయినట్టు కాదు, అద్దాల తలుపు దాటినప్పుడే పోయినట్టు. కాబట్టి ఎదురు కూడా అక్కడే రావాలి. టికెట్టు లేనివాళ్ళను లోపలికి రానివ్వరు గనక, ఆమె ఆ తలుపు పక్కన నిలబడి, పోయే మనిషి ట్రాలీ తోసుకుంటూ వస్తుంటే నాలుగడుగులు ఎదురు నడిచి, కొంగులోంచి ఇత్తడి భరిణె తీసి బొట్టు పెట్టేది. సెక్యూరిటీ వాళ్ళకు కూడా ఆమె తెలిసిపోయింది. ఆమె ఎదురొచ్చి పంపిన వాళ్ళు అందరూ బతికి బట్టకట్టి తిరిగొచ్చారని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. చిన్న వయసులోనే భర్త పోయి, పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ శుభకార్యాల్లో వెనక్కు నిలబెట్టిన మనిషి ఆమె. గల్ఫ్‌కు పోయే ఒక పిల్లాడు ఎవరి మాటా వినకుండా “నాకు నువ్వే పెట్టత్తా” అని మొండికేశాడట. అతను మంచిగా తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆమె ముందుకు వచ్చింది. ఈ సంగతి తెలుసు కాబట్టే నేను ఆమె మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను. పూర్తిగా తెచ్చుకోలేని కోపం అంత విసుగు ఇంకొకటి లేదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయానికి ఎం.ఏ. చరిత్ర కోసం పరీక్ష రాశాను. రాసినట్టు ఇంట్లో చెప్పలేదు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చాక చెప్పాల్సి వచ్చింది. సీటు వస్తే హాస్టలు, నెలనెలా చదువుకు భత్యం, అన్నిటికీ మించి, నా గది పక్కన ఎవరూ టీ అడగని ఒక గోడ. నేను ఆ గోడ గురించే ఎక్కువ ఆలోచించాను. ఇంటర్వ్యూ మధ్యాహ్నం. ముందురోజు సాయంత్రం శంషాబాద్ హైవే మీద నిలబడితే బెంగళూరు బస్సులు వరసగా వస్తాయి. చేతిసంచితో ఎక్కి, పొద్దున దిగి, ఇంటర్వ్యూ చేసుకుని, మళ్ళీ బస్సెక్కి రావచ్చు. నాకు కావలసింది అంతే. బాపుతో ఎలా మాట్లాడాలో రెండు రోజులు డైరీలో రాసుకుని, మూడో రోజు అన్నం పెడుతూ అన్నాను. ఆయన చదువుకు ఒప్పుకోడేమోనని నా భయం. ఆయన చదువు మాట ఎత్తనే లేదు.

“బస్సుల ఎందుకు పోతవ్? విమానంల పో,” అన్నాడు.

బస్సే నయమని నేను గొణిగాను. ఆయన చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు.

“ఊరోళ్ళందర్ని ఎక్కిచ్చినం. అది లేసేది మన అంగూర్ల తోటల కెల్లి. మన పిల్ల ఒక్కతి ఎక్కకపోతే ఎట్ల బిడ్డా?”

మా తోట నిజంగా ఆ గోడ లోపలే ఎక్కడో ఉంది. రన్‌వే కిందో, గడ్డి కిందో, కార్లు నిలిపే చోటో మాకెవరికీ సరిగ్గా తెలియదు. బాపు మేడ మీద నిలబడి ఒక్కోసారి ఒక్కో చోటు చూపించేవాడు. ఆ మాట అన్నాక నేను ఇంక ఏం అనగలను? మనిషి పొలం పోయిన బాధను తెచ్చి నా బస్సు టికెట్టు ముందు పెడితే నేనెలా మాట్లాడతాను? విమానం అయింది. విమానం అయ్యాక దావత్ అయింది. ఇన్నేళ్ళు అందరి దావత్‌లకూ మేము పోయామట, ఇప్పుడు మేము పెట్టకపోతే బాగుండదట. ఇంటర్వ్యూ ముందురోజు మేక కోశారు. నేను ఇంటర్వ్యూలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు మనసులో అనుకుంటూ, గిన్నెడు ఉల్లిగడ్డలు కోశాను. “బెంగళూరుకు పోతుందంట, కలెక్టరు చదువంట,” అని వాకిట్లో ఎవరో ఎవరికో చెబుతున్నారు. “చరిత్ర,” అని నేను సరిదిద్దాను. నా ముందున్న కత్తిపీటకు తప్ప అది ఎవరికీ వినబడలేదు.

చేతిసంచి చాలు అన్నాను. అమ్మ వినలేదు. ఇంటర్వ్యూ చేసే సార్లకూ మేడాలకూ ఉత్త చేతులతో ఎలా ఎదురుపడతావు అంది. సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు సీసాలు, అత్త పంపిన నువ్వుల లడ్డూలు, అన్నీ కలిపి బాపు పాత సూట్‌కేసులో సర్దింది. ఇంటర్వ్యూ గదిలో నేను తొక్కు సీసా తీసి ప్రొఫెసరు ముందు పెడుతున్నట్టు ఊహించుకుని నాకు చెవులు ఎర్రబడ్డాయి. కాంటా దిగింది. సూట్‌కేసు వేలాడింది. ముల్లు నిలబడే వరకు ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలోనే నేను చెప్పేసి ఉండాల్సింది, ఇది నాకు వద్దని. ముల్లు నిలబడింది, బరువు సరిపోయిందని బాపు నవ్వాడు, మళ్ళీ అందరూ మాట్లాడారు.

పొద్దున్నే బయలుదేరాం. మేము చాలా ముందుగానే చేరాం, ఆ మాట ఒప్పుకోవాలి. రెండు ఆటోలూ ఒక కారూ, మొత్తం బలగం. అద్దాల తలుపు ముందు నా చుట్టూ అందరూ నిలబడ్డారు. ఫోటోలు మొదలయ్యాయి. పిన్నమ్మ వాళ్ళతో ఒకటి, వాళ్ళ పిల్లలతో ఒకటి, సూట్‌కేసుతో ఒకటి. ఎండ అద్దాల మీద పడి కళ్ళలో కొడుతోంది. నర్సమ్మత్త ఇంకా రాలేదు. ఫోను చేస్తే హైవే మీద బండ్లన్నీ ఆపేశారంది. ఎవరో పెద్ద మంత్రి దిగుతున్నాడట, ఆయన పోయేదాకా కొత్తూరు వైపు నుంచి ఒక్క ఆటో కదలదట. మంత్రుల కోసం దారి ఆపడం గురించి, అందులో ఇరుక్కుపోయే అంబులెన్సుల గురించి నేను పేపర్లో చదివి డైరీలో ఎన్నోసార్లు కోపంగా రాసుకున్నాను. అది ఒకరోజు నా నుదుటి మీద పెట్టాల్సిన బొట్టును కూడా ఆపుతుందని అనుకోలేదు.

మేము చేసిన తప్పు ఏమిటో నాకు తర్వాత అర్థమైంది. మా ఇంటివాళ్ళకు ఎయిర్‌పోర్టు గురించి తలుపు దాకా అంతా తెలుసు. కారు ఎక్కడ ఎంతసేపు ఆపనిస్తారో, విజిల్ వేసే మనిషిని ఎలా బతిమాలుకోవాలో, ఎంత బరువు పట్టుకుపోనిస్తారో, ఏ స్తంభం దగ్గర నీడ ఉంటుందో తెలుసు. తలుపు లోపల ఏం జరుగుతుందో మాలో ఒక్కరికీ తెలియదు, ఎవరూ లోపలికి పోలేదు గనక. గల్ఫ్‌కు పోయేవాళ్ళకు ఏజెంటు ఉండేవాడు. వాడు అరిచి, చేయి పట్టుకుని గుంజి, సమయానికి లోపలికి తోసేవాడు. ఆ తోపుడు వల్లే మా ఆచారం ఇన్నేళ్ళు ఇబ్బంది లేకుండా నడిచిందని మాకు తెలియదు. నన్ను తోసేవాడు లేడు. పైగా గల్ఫ్ అంటే సముద్రం అవతల, మూడు గంటల ముందు పోవాలి. బెంగళూరు అంటే ఇక్కడిక్కడే, బస్సు లెక్క, విమానం కదిలేలోపు ఎక్కితే చాలు. ఇది బాపు అన్న మాటే కాదు, అక్కడున్న అందరి నమ్మకం.

టికెట్టు మీద ఏదో సన్నటి అక్షరాల్లో ఉంది. నేను చదివాను. కౌంటరు ముందే మూసేస్తారని రాసి ఉంది. “పోతా బాపూ, లోపలికి పోవాలంట,” అన్నాను. ఫోటోలో ఉన్నాం కాబట్టి ఎవరో “నవ్వవే” అన్నారు. ఇంకోసారి అమ్మతో అన్నాను.

“జర ఆగు బిడ్డా. అత్త రాకుండ ఎట్ల పోతవ్? నడుసుకుంట వస్తున్నదంట పాపం,” అంది అమ్మ.

నిజంగానే నడుచుకుంటూ వచ్చింది. ఆగిపోయిన ఆటో దిగి, హైవే పక్కన ఎండలో నడిచి, ఎవరో బండి మీద పోయే అబ్బాయిని ఆపి వెనక కూర్చుని, తెగిన చెప్పు చేతిలో పట్టుకుని వచ్చింది. జుట్టు ఊడి, చీర కుచ్చిళ్ళ దాకా దుమ్ము. రొప్పుతూనే నాలుగడుగులు వెనక్కు పోయి, పద్ధతిగా ఎదురు నడిచి, భరిణె తీసింది. ఆ ఆయాసంలో వేలు జారింది. బొట్టు కొంచెం ముక్కు మీద పడింది. “పో బిడ్డా, జయం,” అంది. వంగి ఆమె కాళ్ళకు మొక్కాను. కాళ్ళకు దుమ్ము, మడమ దగ్గర చిన్న గాయం. అప్పుడు లోపలికి పోయాను.

కౌంటరులో అమ్మాయి నా వైపు, నా సూట్‌కేసు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మూసేశాం అంది. సంచి లేకుండా ఉంటే ఏమో గానీ, సామాను ఇప్పుడు తీసుకోలేం అంది. సామాను వదిలేస్తాను అని నేను అనాల్సింది. సకినాలు అక్కడే వదిలేసి పరుగెత్తాల్సింది. నాకు ఆ ఆలోచన బస్సులో, రెండు సంవత్సరాల తర్వాత వచ్చింది. అప్పుడు మాత్రం “సరేనండి” అన్నాను. ఆ అమ్మాయి తప్పేం లేదు. సరేనండి అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ట్రాలీ తోసుకుంటూ వెనక్కు వస్తుంటే అద్దం అవతల అందరూ ఇంకా అక్కడే నిలబడి చేతులు ఊపుతున్నారు. నేను ఏదో మరిచిపోయి వచ్చానని అనుకున్నారు.

బాపు సెక్యూరిటీ మనిషి దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “విమానం ఈడనే ఉంది కద సార్. ఇంక లేవలే కద. పిల్ల గిప్పుడే ఉరుకుతది,” అన్నాడు. అతను మంచిగానే చెప్పాడు, తన చేతిలో లేదని. బాపుకు అది తలకెక్కలేదు. కనబడుతున్న వస్తువు ఎలా పోయినట్టో ఆయనకు అర్థం కాలేదు. “ఈడనే ఉంది కద,” అని మళ్ళీ మా వైపు తిరిగి మాకే చెప్పాడు.

తిరిగి వస్తుంటే, ఇంకా మా వీధి మలుపు తిరగకముందే, గోడ అవతల నుంచి ఒక విమానం లేచి మా కారు మీదుగా పోయింది. నేను గడియారం చూసుకున్నాను. బాపు కిటికీలోంచి తల బయట పెట్టి, అది మబ్బులో కలిసేదాకా చూశాడు. “అది నీదే,” అన్నాడు. దాన్ని చూపించడం కూడా ఒక సాగనంపుడే అన్నట్టు అన్నాడు. విశ్వవిద్యాలయానికి ఫోను చేశాను. రానివాళ్ళకు మళ్ళీ అవకాశం లేదన్నారు. సూట్‌కేసు విప్పి ఆ వారమంతా చుట్టాలకు సకినాలు పెట్టాం. నేను ఒక్కటి కూడా తినలేదు. ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ వేధించింది. ఎవరూ తప్పు అనలేదు. ఫలానావాళ్ళ తప్పు అని ఒప్పించాలని కాదు, ఏదో పోయిందని ఒక్కరైనా అంటే చాలనుకున్నాను. మొదట కొన్నాళ్ళు అందరూ మంత్రిని తిట్టారు. తర్వాత రాతలో లేదన్నారు. ఆ తర్వాత మెల్లగా అది మంచికే అయింది. ఒక పెళ్ళిలో నర్సమ్మత్త పక్కన కూర్చున్నవాళ్ళకు చెబుతుంటే విన్నాను, తన ఎదురు ఆలస్యం కావడంలో ఏదో ఉందని, ఆ విమానంలో పోతే పిల్లకు ఏం కీడు జరిగేదో అని. ఆ విమానం క్షేమంగా దిగింది. అందులో పోయినవాళ్ళు వాళ్ళ వాళ్ళ పనులు చేసుకున్నారు. ఇంకెవరో నా కుర్చీలో కూర్చుని ఎం.ఏ. చదివారు. నేను సిటీలో సీటు తెచ్చుకుని, అవే బస్సుల్లో, ఆరాంఘర్‌లో అదే మార్పుతో ఇంకో రెండేళ్ళు తిరిగాను. ఇప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠం చెబుతాను. చరిత్రకు పిల్లలు చేరడం లేదని నాకు సివిక్స్ ఇచ్చారు. పౌరుల హక్కుల గురించి నేను రోజూ మాట్లాడతాను, పాఠంలో ఉన్నంత వరకు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని చూస్తే, మా వీధిలో మేడలు లేచి గోడ అవతలి తోకలు ఇప్పుడు కనబడవు. టీ గిన్నె చిన్నదయింది. చుట్టాలు నేరుగా క్యాబ్‌లో పోతున్నారు. అయినా పెద్ద ప్రయాణం అంటే ఇంకా కొందరు మా ఇంట్లో దిగుతారు, కాంటా కోసమని ఒక వంక. శిరీష అలాగే దిగింది. ఆ పిల్ల నాలాగే తల దించుకుని మాట్లాడుతుంది, నన్ను చిన్నమ్మా అంటుంది. మర్నాడే పుణెలో చేరాలట, చేరకపోతే ఆ కొలువు వేరేవాళ్ళకు ఇస్తామని కాగితంలోనే ఉందని నాతో మెల్లగా చెప్పింది. ఇంకెవరితో చెప్పలేదట. చెప్పినా వినరనేమో.

అదే అద్దాల తలుపు. అదే ఎండ. శిరీష తండ్రి, అంటే అత్త కొడుకు మా బావ, ఫోనులో మాట్లాడి వచ్చి, అత్త బయలుదేరింది, మోకాళ్ళ నొప్పి కదా, క్యాబ్ ఎక్కడానికే ఆలస్యం అయిందట, టోల్‌గేట్ దాటిందట అన్నాడు. ఫోటోలు మొదలయ్యాయి. శిరీష నవ్వుతూనే సంచి పట్టీని మడుస్తూ, విప్పుతూ, లోపలి గడియారం వైపు చూసింది. ఆ పట్టీ మడవడం నాకు తెలుసు. పెన్ను మూత పెట్టి తీయడం లాంటిదే అది.

“శిరీషా, ఇగ లోపలికి పో,” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఫోటో తీస్తున్న చెయ్యి ఆగింది. బావ నవ్వాడు.

“ఏంది రజితా, గంత పరేషాన్ ఎందుకు? అమ్మ వస్తున్నది కద. ఎదురు లేకుండ పంపిస్తమా?”

“నన్ను పంపలే,” అన్నాను. “ఎదురు వచ్చింది. నేనే పోలే.”

ఎవరూ ఏమీ అనలేదు, కాంటా వేలాడినప్పటిలాగ. నేను శిరీష భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు తిప్పాను. ఆ పిల్ల ఒక్క క్షణం తండ్రి వైపు చూసి, ట్రాలీ తోసుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది. బావ నాతో మాట్లాడకుండా పక్కకు పోయి నిలబడ్డాడు. మా అమ్మ నా వైపు చూసిన చూపు ఇంటికి పోయాక ఉంటుంది నీ పని అన్నట్టు ఉంది.

నర్సమ్మత్త క్యాబ్ దిగేసరికి శిరీష అద్దం అవతల కూడా లేదు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో భరిణె, దాని మూత అప్పటికే తీసి ఉంది. కుంకుమ వేలికి అంటి ఉంది. చుట్టూ చూసింది, మనవరాలు కనబడలేదు. ఎవరు పంపారో ఎవరూ చెప్పలేదు గానీ అందరూ నా వైపే చూడడంతో తెలిసిపోయింది.

“గంత తొందరేమొచ్చింది బిడ్డా? విమానం ఈడనే ఉంది కద,” అంది నాతో.

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా డైరీలో రాసుకున్నదంతా గొంతులోకి వచ్చింది, వచ్చి అక్కడే ఆగింది. నా వెనక నుంచి బాపు మాట వినబడింది. అంతసేపూ ఆయన స్తంభం నీడలో, ఎవరితో సంబంధం లేనట్టు నిలబడి ఉన్నాడు.

“విమానం ఈడనే ఉంటదక్కా. తలుపే తెరిసి ఉండది,” అన్నాడు.

అంతే అన్నాడు. నా వైపు చూడలేదు. ఆ మాట ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. ఎప్పటి నుంచో తెలిసి ఉంటే, ఆ పెళ్ళిలో, ఆ దావత్‌లలో, అది మంచికే అయిందని అందరూ అంటున్నప్పుడు ఒక్కసారి అనకూడదా? సంతోషించాల్సిన చోట నాకు మొదట వచ్చింది ఈ కోపమే. నర్సమ్మత్త వేలి కుంకుమను తుడుచుకోవడానికి చోటు లేక, కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, చివరికి ఆ స్తంభానికి రాసింది. సెక్యూరిటీ మనిషి చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అత్త నా పక్కనే కూర్చుంది. భరిణె మూత సరిగ్గా పడక, దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. మా వీధి మలుపు దగ్గర ఒక విమానం లేచి మా మీదుగా పోయింది. బాపు అలవాటుగా కిటికీలోంచి తల బయట పెట్టి, అది కనబడినంత దూరం చూసి, తల లోపలికి తీసుకున్నాడు. అది ఎవరిదో అనలేదు. నేను గడియారం చూసుకోలేదు. ఇంటికి పోగానే ఆయన చొక్కా కూడా విప్పకుండా కాంటాను కడ్డీ నుంచి తీసి, ముల్లుకు నూనె రాసి, గోనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు.